ఒక ప్యాకెట్టుకు ఒక లీటరు

మార్చి 9, 1998, సోమవారం

ఈ రోజు మధ్యాహ్నం పన్నెండు నలభైకి చుల్పానిలో బెనీతా అనే పది నెలల పాప ఫిట్స్ వచ్చి చనిపోయింది. రెండు రోజులుగా విరేచనాలు. రెండు రోజులూ తాగించింది ఓఆర్ఎస్ నీళ్ళే. కలిపి తాగించినవాడు పాప మేనమామ సబీనో కోల్కే, ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త. అతనికి జనవరిలో శిక్షణ ఇచ్చింది నేను.

నాలుగింటికి వైర్‌లెస్ రేడియోలో చుల్పాని నుంచి డాక్టర్ పామెలా చెప్పింది. కొత్త డాక్టర్లందరూ పల్లెల్లో ఒక ఏడాది పనిచేయాలి కాబట్టి ఈవిడ ఇక్కడ ఉంది. రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. రేడియోలో ఏడ్చింది. రేడియో బ్యాటరీ ఏడవడానికి కాదు.

జనవరి శిక్షణకు ఇరవై ఊళ్ళ నుంచి ఇరవై మంది వచ్చారు. ఎందుకొచ్చారని మొదటిరోజు అడుగుతాను. "మా ఇంటి వంతొచ్చింది టీచరమ్మా." ఇరవై నోళ్ళు, ఒకటే జవాబు. ఈ కొండల్లో కొత్త సంవత్సరం రోజున ఊరి పదవులన్నీ చేతులు మారతాయి: ఊరిపెద్ద, కాలవ కాపలా, బడి కమిటీ, ఆఖరున ఆరోగ్య కార్యకర్త. ఏడాదికొక ఇల్లు. నేను ఒకణ్ణి తయారు చేసేసరికి డిసెంబరు వస్తుంది, వాడు తన లామాల మంద వెనక పోతాడు. జనవరిలో థర్మామీటరు ఏ కొసన పట్టుకోవాలో తెలియని మరో మొహం నా ఎదుట కూర్చుంటుంది. పదకొండేళ్ళుగా నేను చెబుతున్నది ఒకే తరగతి. ఎవరూ రెండో తరగతికి రాలేదు.

వాళ్ళు ప్రశ్నలు అడగరు. స్పానిష్‌లో పాఠం చెబితే తలూపుతారు, వాళ్ళ భాష కెచువాలో తిడితే అలాగే తలూపుతారు. సబీనో ఒక్కడే అడిగేవాడు. ముప్పై ఎనిమిదేళ్ళు, ముందు వరస, చేతిలో పెన్సిలు ముక్క.

ఒక ప్యాకెట్టుకు ఒక లీటరు నీళ్ళు. మరిగించి చల్లార్చినవి. అలాగే చెప్పాను. రిజిస్టరులో ఉంది.


మార్చి 10, మంగళవారం

మా శిక్షణ కేంద్రం డైరెక్టర్ ఉర్కీది నన్ను పిలిచాడు. ఈయన డాక్టరే, కానీ రోగిని ముట్టుకుని తొమ్మిదేళ్ళయింది. మా కేంద్రంలో నున్నగా మెరిసేవి రెండే: ఆయన బూట్లు, గోడ మీది మ్యాపు. పని పడితే నన్ను 'దోన్యా' అని మర్యాదగా పిలుస్తాడు.

"చూడండి దోన్యా నెలిదా, ఇరవై మూడో తారీఖున రాజధాని లా పాజ్ నుంచి తనిఖీవాళ్ళు వస్తున్నారు. ఇప్పుడా ఈ గోల?"

"పాప తారీఖు చూసుకోలేదు డాక్టర్."

"హాస్యాలొద్దు. శుక్రవారానికి నాకు నివేదిక కావాలి. ఒకే పేజీ. కార్యకర్త చెప్పినట్టు చెయ్యలేదు, ఊరు తగిన మనిషిని పంపలేదు. అంతేగా జరిగింది?"

"ఏం జరిగిందో ఇంకా తెలీదు."

"మీరు లీటరని చెప్పారా లేదా?"

"చెప్పాను."

"మరింకేం. ప్రాసిక్యూటరుకు పంపితే వాళ్ళు చూసుకుంటారు. వాడికి గట్టిగా పడితే మిగతావాళ్ళకు బుద్ధి వస్తుంది."

బల్ల మీద గాజు జగ్గులో పసుపు పూలు ఉన్నాయి. లీటరు గీత ఉన్న జగ్గు. మా తరగతిది.




మార్చి 11, బుధవారం

పామెలా చుల్పాని నుంచి జీపులో తిరిగొచ్చింది. మోకాళ్ళ దాకా బురద. నా బల్ల మీద ఖాళీ బీరు సీసా ఒకటి పెట్టింది. గోధుమరంగు, లేబుల్ కడిగేసి ఉంది.

"దీంట్లోనే కలిపాడు టీచర్. ప్యాకెట్టంతా దీంట్లోనే. రోజుకి మూడు."

"ఎంత పడుతుంది?"

"ఆరు వందల ఇరవై మిల్లీలీటర్లు. నేనే సిరంజితో కొలిచాను. ఉప్పు ఒకటిన్నర రెట్లు పైనే పడింది. వాళ్ళమ్మ పాలు కూడా మాన్పించేసింది. ఈ నీళ్ళు మందు కదా, మందుండగా పాలెందుకనుకుంది. పాపకి మిగిలింది ఉప్పే."

"బీరు సీసాని లీటరనుకునేవాడికి ప్యాకెట్లెవరిచ్చారు?" అన్నాను.

"మీరిచ్చారు," అంది. తర్వాత తలొంచుకుంది. "అంటే... కేంద్రం ఇచ్చిందని టీచర్."

ఈ పిల్లకు వైద్యం రాదుగానీ సిరంజితో సీసా కొలవడం వచ్చు. అంతవరకూ మెచ్చుకోవచ్చు.

వెళ్తూ వెళ్తూ చెప్పింది: "సబీనో దగ్గర శిక్షణ నోటుపుస్తకం ఉంది. అడిగితే ఇవ్వలేదు. టీచరమ్మకే చూపిస్తానన్నాడు."


మార్చి 12, గురువారం

జనవరి 20. ఓఆర్ఎస్ పాఠం. హాజరు ఇరవై. పాస్ ఇరవై. రిజిస్టరులో ఉంది.

జగ్గు సంగతి రిజిస్టరులో లేదు. ఉండాల్సిన పని కూడా లేదు.


మార్చి 13, శుక్రవారం

నివేదిక రాశాను. పద్నాలుగు వాక్యాలు. అన్నీ నిజాలే. "ప్యాకెట్టుకు ఒక లీటరు అని బోధించడమైనది." నిజం. "కార్యకర్త అంతకన్నా చిన్న పాత్ర వాడాడు." నిజం. "ఊళ్ళు ఏటా మనిషిని మారుస్తున్నందున అనుభవం నిలవడం లేదు." పదకొండేళ్ళుగా ఇది రాస్తున్నాను, ఎవరూ చదవలేదు. ఈసారి చదువుతారు.

సంతకం చేశాను. డైరెక్టర్ ముద్ర వేశాడు. ముద్ర వంకరగా పడింది. ముద్ర వేయడం కూడా నేర్పాల్సి వచ్చేలా ఉంది.


మార్చి 14, శనివారం

పదింటికి వసారాలో సబీనో. చుల్పాని నుంచి నడిచొచ్చాడు, ఏడు గంటల దారి. చెప్పులకు బురద అట్టకట్టింది. చావు మైలకు వేసుకునే నల్ల గుడ్డ భుజం మీద ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, నేల మీదే కూర్చున్నాడు. కోకా ఆకుల సంచి తీసి, మర్యాదకు, నమలమన్నట్టు నా వైపు చాపాడు. నేను వద్దన్నాను. పదకొండేళ్ళుగా వద్దంటున్నాను, అయినా చాపుతారు.

"మా చెల్లెలు అడగమంది టీచరమ్మా. నేను రాసుకోవడంలో తప్పు రాశానా, కలపడంలో తప్పు చేశానా అని."

ప్లాస్టిక్ సంచిలోంచి నోటుపుస్తకం తీశాడు. నేను అతనిలాంటి వాళ్ళ నోటుపుస్తకాలు ఎప్పుడూ తెరవలేదు. తెరవాల్సిన అవసరం ఉందని అనుకోలేదు.

అన్నీ రాశాడు. అన్నీ అంటే అన్నీ. నేను దగ్గితే అదొక్కటి వదిలేశాడు. జనవరి 13: "చేతులు కడుక్కోకుండా బిడ్డని ముట్టుకునేవాడు పంది." జనవరి 16: "జ్వరం కొలిచేది దేవుడి బొమ్మ కాదు, ముద్దు పెట్టుకోవద్దు, చంకలో పెట్టాలి." కింద గీత గీసి బొమ్మ వేశాడు, చంక, థర్మామీటరు. నా తిట్లన్నీ పాఠంలో కలిసిపోయి వరసగా ఉన్నాయి, అంకెలు వేసి.

జనవరి 20.

"1. నీళ్ళు మరిగించి చల్లార్చాలి. 2. ప్యాకెట్టు ఒకటి, నీళ్ళు ఒక లీటరు. 3. లీటరంటే పండక్కి తాగి పారేసే బీరు సీసా. మన ఊళ్ళో గుట్టలుగా ఉంటాయి."

ఆ రోజు జగ్గు డైరెక్టర్ గదిలో ఉంది. అతిథులు వచ్చారని పళ్ళరసం కలపడానికి పట్టుకుపోయారు. నేను చేతులతో చూపించి చెప్పాను. సబీనో లేచి నిలబడి అడిగాడు: "లీటరంటే ఎంత టీచరమ్మా, మా ఊళ్ళో దేంతో కొలవాలి?" అప్పటికి అది అతని నాలుగో ప్రశ్న. నేనన్నాను: "జన్మలో సీసా చూడలేదా? పండక్కి తాగి పారేసే బీరు సీసాలు మీ ఊళ్ళో గుట్టలుగా ఉంటాయిగా, దాంతో కొలుచుకో!" తరగతి నవ్వింది. అతను కూర్చుని రాసుకున్నాడు. ఆ తర్వాత ప్రశ్న అడగలేదు. నాకు హాయిగా అనిపించింది.

అది తిట్టు. తిట్టు పాఠం కాదు. బుద్ధున్న ఎవడికైనా తెలుస్తుంది.

"తప్పు రాశానా టీచరమ్మా?" మళ్ళీ అడిగాడు.

"అవును," అన్నాను. "తప్పు రాసుకున్నావు."

తలూపాడు. పెన్సిలు తీసి మూడో అంకె ముందు ఆగాడు. "అయితే సరైంది చెప్పండి, రాసుకుంటా." నేను చెప్పాను: లీటరంటే వెయ్యి మిల్లీలీటర్లు, గీత ఉన్న పాత్రతోనే కొలవాలి, గీత లేకపోతే ఆరోగ్య కేంద్రంలో కొలిపించుకోవాలి. చెబుతూ ఉంటే నా గొంతు తరగతిలో లాగే ఉంది. అతను మూడో వాక్యాన్ని స్కేలు పెట్టినట్టు నీటుగా కొట్టేసి, పైన ఇది రాశాడు.

పుస్తకం సంచిలో పెట్టుకుని లేచాడు. వసారా మెట్టు దిగి వెనక్కి తిరిగాడు.

"మిగతా పంతొమ్మిది మంది కూడా నా పక్కనే కూర్చుని ఇదే రాశారు టీచరమ్మా. నా పుస్తకం చూసి రాసినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకి ఎవరు చెప్తారు?"


మార్చి 15, ఆదివారం

వాన. పంతొమ్మిది ఊళ్ళు. రేడియో ఉన్నవి నాలుగు. ఆదివారం ఆ నాలుగు చోట్లా ఎవరూ పలకరు.

ప్యాకెట్లు ఊరికి యాభై చొప్పున నేనే లెక్కపెట్టి ఇచ్చాను. ఇది విరేచనాల కాలం.


మార్చి 16, సోమవారం

డైరెక్టర్‌కు చెప్పకుండా పామెలాను జీపు తీయమన్నాను. ఎక్కడికని అడగలేదు. రెండు గంటల్లో పుకా ఒర్కో చేరాం. అన్నిటికన్నా దగ్గరి ఊరు.

ఈ ఏటి కార్యకర్త తన ఇంట్లో లేడు. దోన్యా బసీలియా వాకిట్లో ఆమెతో కూర్చుని బాకలా చిక్కుళ్ళు ఒలుస్తున్నాడు. బసీలియా ఆరేళ్ళ కిందటి నా శిష్యురాలు. ఇంజెక్షన్ చెయ్యి వణికేదని ముప్పైకి పదకొండు మార్కులు వేశాను. ఇప్పుడు యాభై దాటి ఉంటుంది, తల మీద టోపీ తియ్యలేదు, లేచి నిలబడలేదు.

"ఓహో, టీచరమ్మ! దారి తప్పారా?"

ఓఆర్ఎస్ ఎలా కలుపుతున్నారని అడిగాను. ఆ కుర్రకార్యకర్త నోరు తెరిచేలోపే ఆమె చెయ్యెత్తింది. లోపలికి వెళ్ళి రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా తెచ్చింది. మధ్యలో మేకుతో గీసిన గీత. పామెలా సంచిలోంచి కొలత గొట్టం తీసి కొలిచింది. వెయ్యికి ఐదు ఎక్కువ.

"ఇతను బీరు సీసా అని రాసుకు రాలేదా?" అన్నాను.

"రాసుకొచ్చాడు. ఎందుకు రాసుకురాడు?" బసీలియా నవ్వింది. పక్కన ఉన్నవాడు తలొంచుకున్నాడు. "మీ దగ్గర్నుంచి వచ్చిన ప్రతివాళ్ళనీ మొదటి ఆదివారం మేం మళ్ళీ కూర్చోబెడతాం టీచరమ్మా. నేను, దోన్ కాసిమీరో, మా వదిన, వంతు చేసినవాళ్ళం తొమ్మిది మందిమి. పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కో మాటా చూస్తాం. ఇది పాఠం, ఇది తిట్టు. ఇది పాఠం, ఇది తిట్టు. తిట్టన్నది కొట్టేస్తాం."

"ఎప్పటినుంచి?"

"మా ఏడాది నుంచీ. మా ముందేడాది కాన్పు కత్తెరని 'మీ గొర్రెలు కోసే కత్తెర కాదు' అన్నారు మీరు. మా ముందాయన గొర్రెల కత్తెరే మరిగించి వాడాలి కాబోలు అనుకున్నాడు. కాసిమీరోనే పట్టుకున్నాడు, ఆయన పెళ్ళాం కాన్పు అది. అప్పట్నుంచీ ఇదొక అలవాటయింది, వంతు చేసినవాళ్ళున్న ప్రతి ఊళ్ళోనూ."

ఆమె చిక్కుడుకాయ ఒలిచి గింజ నోట్లో వేసుకుంది.

"మీరు మంచి టీచరేలెండి, తిట్టు తీసేస్తే. పాఠం పావుగంటే ఉంటుంది, పాపం."

పామెలా గొట్టం వైపు చూస్తూ నవ్వాపుకుంది. నేను చూశాను.

ఏటా మనిషిని మార్చేస్తారని నేను పదకొండేళ్ళు రాశాను. పాతవాళ్ళు ఎక్కడికి పోతున్నారని అడగలేదు. ఎక్కడికీ పోలేదు. ప్రతి ఊళ్ళోనూ ఒక వాకిట్లో కూర్చుని నా తిట్లు ఏరి పారేస్తున్నారు.

బయలుదేరబోతుంటే బసీలియా అడిగింది: "చుల్పానికి ఇదే మొదటి వంతుగా? వాళ్ళని కూర్చోబెట్టడానికి అక్కడెవరున్నారు?"

ఎవరూ లేరు. జీపులో కూర్చుని రిజిస్టరు తిప్పాను. చుల్పాని కాక, ఈ ఏడే మొదటిసారి మనిషిని పంపిన ఊళ్ళు మూడు.


మార్చి 17, మంగళవారం

కాన్యావిరి. పొద్దున తొమ్మిదికి. ప్యాకెట్లు డబ్బాలోనే ఉన్నాయి, ముడి విప్పలేదు. కార్యకర్త గర్వంగా చూపించాడు: "దుమ్ము కూడా పడనివ్వలేదు టీచరమ్మా." ఇరవై నిమిషాలు చెప్పాను. తిట్టలేదు. అతను రెండుసార్లు అనుమానంగా నా మొహం చూశాడు, జబ్బు చేసిందేమోనని.

తోలా పంపా. మధ్యాహ్నం రెండుకు. బీరు సీసాతో ఇద్దరు పిల్లలకు ఇచ్చారు. ఒకడికి నాలుగేళ్ళు, బాగానే ఉన్నాడు. ఇంకో పాప ఏడు నెలలది. తల్లి పాలు మాన్పించలేదు, అందుకని బతికింది. నాలుక ఎండిపోయి ఉంది. పామెలా మూడు గంటలు చెంచాతో పలచటి నీళ్ళు పట్టింది, నడుమ నడుమ తల్లి పాలిచ్చింది. అయిదింటికి ఆ పిల్ల ఉచ్చ పోసింది. పామెలా తన తడిసిన స్కర్టు నాకు చూపించి, "చూశారా టీచర్!" అంది, పతకం వచ్చినట్టు.

మూడో ఊరు యూరాక్ మాయు. ఏరు పొంగింది. జీపు పోదు.


మార్చి 18, బుధవారం

ఏరు తగ్గలేదు.


మార్చి 19, గురువారం

ఈ రోజు ఏరు మోకాలి లోతు. దాటాం. యూరాక్ మాయు చేరేసరికి పదకొండు.

కార్యకర్త ఫెలీసా అనే ఆమె, పొట్టిగా, ఇంటి గుమ్మం మీద నూలు వడుకుతోంది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు.

"సబీనో మొన్న వచ్చి చెప్పి వెళ్ళాడు టీచరమ్మా. నడుముకి తాడు కట్టుకుని ఏరు దాటాడు. పిచ్చాడు."

పుస్తకం తెచ్చి చూపించింది. మూడో వాక్యం కొట్టేసి ఉంది. పైన సరైన వాక్యం, సబీనో చేతిరాతే. ప్యాకెట్లు ఇంకా ఎవరికీ ఇవ్వలేదట.

"ఏమని చెప్పాడు?"

"నేను తప్పు రాశాను, నన్ను చూసి నువ్వూ తప్పు రాశావు, టీచరమ్మే చెప్పింది, కొట్టెయ్యి అన్నాడు." కదురు ఆపి నా వైపు చూసింది. "నాకు మాత్రం మీరు అన్నట్టే గుర్తు. అందరం నవ్వాం కూడా. అదే అన్నాను. 'నీకేం తెలుసు, ఆవిడ నా మొహం మీదే చెప్పింది' అని నన్ను కసిరాడు."

పామెలా నా వైపు చూడలేదు. జీపులో తిరుగుదారంతా చూడలేదు. ఏరు దాటాక మాత్రం ఒక్క మాట అడిగింది:

"అతను తప్పు రాశాడని మీరు నిజంగా అన్నారా టీచర్?"

"అన్నాను."

గేరు మార్చింది.


మార్చి 20, శుక్రవారం

పొద్దున డైరెక్టర్ గదికి వెళ్ళి నా నివేదిక వెనక్కి ఇమ్మన్నాను.

"ఏం, అక్షరదోషమా?"

"దోషమే. అక్షరంలో కాదు."

బీరు సీసా, జనవరి 20, జగ్గు, అన్నీ చెప్పాను. ఆయన పూల వైపు చూశాడు. మొదట జగ్గు నుంచి పూలు తియ్యాలా వద్దా అన్న ఆలోచన ఆ మొహంలో కనిపించింది. తీశాడు. నీళ్ళు కారుతున్న పూలను ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడ్డాడు.

"దోన్యా నెలిదా, తిట్టారు. అంతేగా? ఇక్కడ తిట్టనివాళ్ళెవరు? ఆ సంగతి ఎవరికీ తెలీదు కూడా."

"ఇరవై పుస్తకాల్లో ఉంది."

"వాళ్ళ పుస్తకాలు ఎవరు చదువుతారండీ!"

ఆ మాట ఆయన నా దగ్గరే నేర్చుకుని ఉండవచ్చు.

నివేదిక తిరిగి ఇవ్వలేదు. సోమవారం లా పాజ్ వాళ్ళు వెళ్ళాక ప్రాసిక్యూటరుకు వెళ్తుందట. పాప చావు సంగతి తేల్చడానికి చుల్పాని వాళ్ళు రేపు ఊరి సభ పెట్టారు; మీరు దానికి వెళ్తే సోమవారం ఇక్కడికి రానక్కర్లేదని కూడా చెప్పాడు. ఇంకా పూలు పట్టుకునే ఉన్నాడు.

సాయంత్రం రెండో నివేదిక రాశాను. ఆరు వాక్యాలు. మొదటిదానికన్నా ఎనిమిది తక్కువ. నాలుగో వాక్యం: "పాత్ర గురించి అడిగిన కార్యకర్తను బోధకురాలు ఎగతాళి చేసి, బీరు సీసాతో కొలవమని చెప్పింది, అతను చెప్పినట్టే చేశాడు." అయిదో వాక్యం: "మార్చి 14న, అది అతని తప్పేనని బోధకురాలు అతనితో అబద్ధం చెప్పింది." ఆరో వాక్యంలో బసీలియా పేరు, ఆమె ఆదివారం తరగతి సంగతి ఉన్నాయి. ముద్ర లేదు. ఒక ప్రతి పామెలా సంచిలో, ఒకటి నా సంచిలో.

చుల్పాని ఊరిపెద్ద రేడియోలో సభ వరస చదివి వినిపించాడు. రేపు ఉదయం తొమ్మిదికి, బడి ముందర. ముందుగా సబీనో లేచి తన పుస్తకంలో జనవరి 20 పేజీ చదువుతాడు, కొట్టేసిన వాక్యంతో సహా, తన తప్పు ఒప్పుకోవడానికి. పాప తల్లి వింటుంది. అతని తర్వాత మాట్లాడాల్సింది నేను.

జీపు ఆరున్నరకు. బసీలియాను దారిలో ఎక్కించుకోవాలి. జగ్గు నా దగ్గరే ఉంది.